మస్టాంగ్ కేబుల్ క్లచ్: ఏది ముందు మార్చాలి, ఎలా అడ్జస్ట్ చేయాలి

ఫోర్డ్ మస్టాంగ్‌లో 1979 నుంచి 2004 మోడల్ దాకా క్లచ్ కేబుల్‌తోనే నడిచింది. హైడ్రాలిక్ క్లచ్ వచ్చింది 2005 మోడల్‌తో. అమెరికాలో ఉంటూ 1979–93 కారో (ఈ తరానికి వాడుక పేరు ఫాక్స్ బాడీ), ఆ తర్వాతి 1994–2004 కారో కొన్న మనవాళ్లకు మొదట తగిలే సమస్యలు రెండు: పెడల్ రాయిలా బిగుసుకుపోవడం, రివర్స్ వేస్తే గేర్లు గరగరమనడం. ఎవరిని అడిగినా ఒకే సలహా ఇస్తారు, గట్టి క్లచ్ కిట్ వేయించమని. ఆ సలహా చాలాసార్లు తప్పు. కేబుల్ క్లచ్‌లో ముందు బాగుచేయాల్సింది పెడల్ నుంచి ఫోర్క్ (క్లచ్‌ను విడిపించే మీట) దాకా ఉన్న దారి. ఆ దారి బాగాలేకుండా గట్టి ప్రెషర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ను అదిమిపెట్టే భాగం) వేస్తే డబ్బు పోతుంది, సమస్య మిగులుతుంది.

ఇక్కడ నేను ప్రధానంగా 5.0 లీటర్ల వీ8, టీ-5 గేర్‌బాక్స్ ఉన్న ఫాక్స్ బాడీ గురించి రాస్తున్నాను. 1996 నుంచి వచ్చిన 4.6 కార్లకూ పద్ధతి ఇదే, తేడా ఉన్నచోట చెబుతాను. మారుతి 800లో గేర్‌బాక్స్ దగ్గర నట్టు తిప్పి క్లచ్ సర్దుకున్నవాళ్లకు సూత్రం కొత్తేమీ కాదు.

కదలిక ఎక్కడెక్కడ పోతుంది

పెడల్ పైభాగంలో, డాష్‌బోర్డ్ కింద, పళ్లున్న అర్ధచంద్రాకారపు ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని క్వాడ్రంట్ అంటారు. కేబుల్ ఒక కొస దానికి తగిలించి ఉంటుంది. కేబుల్ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు గోడ) దాటి, ఇంజిన్ పక్కగా కిందికి దిగి, బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గుల్ల) దగ్గర ఫోర్క్ చివరను ముందుకు, అంటే ఇంజిన్ వైపు లాగుతుంది. ఫోర్క్ ఒక కొస పివట్ స్టడ్ మీద ఆని ఉంటుంది. మధ్యలో ఉన్న రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి ప్రెషర్ ప్లేట్ వేళ్లను (మధ్యలోకి చొచ్చుకొచ్చిన స్ప్రింగ్ రేకులను) నొక్కుతుంది. అప్పుడు క్లచ్ ప్లేట్ విడుదలవుతుంది.

కాలు నొక్కిన దూరంలో బేరింగ్ దగ్గరికి చేరేది చాలా కొంచెం. దారిలో క్వాడ్రంట్ వంగినా, ఫైర్‌వాల్ రేకు లోపలికీ బయటికీ ఊగినా, కేబుల్ తొడుగు నలిగినా, పివట్ స్టడ్ అరిగినా ఆ కొంచెంలోనే కోత పడుతుంది. ప్రెషర్ ప్లేట్ ఎంత గట్టిదైతే ఈ వంగడం, ఊగడం అంత పెరుగుతాయి. గట్టి క్లచ్ వేశాక గేర్లు ముందుకంటే కష్టంగా పడుతున్నాయని బాధపడేవాళ్ల కార్లలో జరిగేది ఇదే.

ఫ్యాక్టరీ క్వాడ్రంట్ ప్లాస్టిక్‌ది. స్ప్రింగ్, ఒక పంటి మీటతో అది తనంతట తానే బిగువు సర్దుకుంటుంది. మామూలు క్లచ్‌తో రోజూ తిరిగే కారుకు అది మంచి ఏర్పాటే. కానీ ఏళ్లు గడిచాక, పెడల్ బరువు పెరిగాక ఆ ప్లాస్టిక్ పళ్లు అరుగుతాయి, జారతాయి, ఒక్కోసారి విరుగుతాయి. ట్రాఫిక్ మధ్యలో పెడల్ ఒక్కసారిగా నేలకు పడిపోయిందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ముందు జబ్బేమిటో తేల్చుకోండి

క్లచ్ జారడం వేరు, పూర్తిగా విడవకపోవడం వేరు. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు.

జారుతోందేమో చూడాలంటే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో 40–45 మైళ్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజిన్ చుట్లు గబుక్కున పెరిగి, కారు వేగం ఆ మేరకు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఒకసారి చూస్తే చాలు. పదేపదే చేస్తే ఉన్న ప్లేట్ కూడా కాలిపోతుంది.

విడవకపోవడం చూడాలంటే ఇంజిన్ వేడెక్కాక, చదునైన చోట బ్రేకు తొక్కి, న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా నొక్కండి. నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అంతసేపు ఆగినా గరగరమంటే క్లచ్ ప్లేట్ ఇంకా తిరుగుతూనే ఉన్నట్టు. ఆగితే మెత్తగా పడి, ఆగకుండా వేస్తే మాత్రమే చప్పుడైతే గాభరా అక్కర్లేదు.

పెడల్ బరువు సంగతి చూడడానికి కేబుల్‌ను ఫోర్క్ దగ్గర విప్పి, లోపలి తీగను చేత్తో ముందుకూ వెనక్కూ లాగండి. మంచి కేబుల్‌లో తీగ అడ్డు లేకుండా జారుతుంది. ఎక్కడైనా పట్టినట్టు, ఇసుకలో గీసుకుంటున్నట్టు అనిపిస్తే మీ పెడల్ బరువుకు కారణం దొరికినట్టే. ఎన్నో కార్లలో 'గట్టి క్లచ్' అనుకున్నది ముసలి కేబుల్ అని తేలుతుంది.

ఇంకో పరీక్షకు ఇద్దరు కావాలి. ఇంజిన్ ఆపేసి, ఒకరు పెడల్ నొక్కుతుంటే మరొకరు బానెట్ తెరిచి, కేబుల్ దూరే చోట ఫైర్‌వాల్ మీద వేలు పెట్టి చూడాలి. రేకు ఊగడం చేతికే తెలుస్తుంది. అక్కడ వెల్డింగ్ దగ్గర పగులు ఉందేమో టార్చి వేసి మరీ వెతకండి.

కేబుల్ ఎందుకు పాడైందో కనుక్కోకుండా కొత్తది వేయకండి. ఎగ్జాస్ట్ హెడర్‌కు (ఇంజిన్ నుంచి బయటికొచ్చే పొగ గొట్టాలకు) తగిలి తొడుగు కరగడం ఒక కారణం. ఇంకో కారణం చాలామంది ఊహించరు: ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తెగిపోవడమో, తుప్పు పట్టడమో. అప్పుడు స్టార్టర్ కరెంటు వెనక్కి వెళ్లడానికి దారి వెతుక్కుంటుంది. లోపల ఉక్కు తీగ ఉన్న క్లచ్ కేబుల్ దానికి దొరుకుతుంది. తీగ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ గొట్టం కరుగుతుంది, తీగ దానికి అతుక్కుంటుంది. కొత్త కేబుల్ కొన్ని నెలలకే బిగుసుకుపోయిందంటే అడగాల్సిన మొదటి ప్రశ్న ఎర్త్ గురించి. మల్టీమీటర్ ఒక తీగ ఇంజిన్ బ్లాకుకు, ఇంకొకటి బాడీలో రంగు లేని చోటికి పెట్టి, న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేక్ వేసి స్టార్టర్ తిప్పించండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపిస్తే పట్టీ మార్చండి. పదిహేను నిమిషాల పని.

కొనేముందు ఒక లెక్క

క్లచ్ ఎంత టార్క్ మోయగలదో తేల్చేవి నాలుగు: ప్రెషర్ ప్లేట్ అదిమే బలం, ప్లేట్ ముఖం మీది రాపిడి గుణకం, ముఖాలు రెండు, ప్లేట్ సగటు వ్యాసార్ధం. ఈ నాలుగింటినీ గుణిస్తే చాలు.

1987–92 మధ్య 5.0 ఇంజిన్‌కు ఫోర్డ్ చెప్పిన టార్క్ 300 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 407 న్యూటన్ మీటర్లు. 1986 నుంచి ఈ కార్లలో ఉన్నది 10.5 అంగుళాల క్లచ్. సగటు వ్యాసార్ధం 108 మిల్లీమీటర్లు, ఆర్గానిక్ ప్లేట్ రాపిడి గుణకం 0.3 అనుకుందాం. ఆ టార్క్ జారకుండా మోయడానికి కనీసం 6,280 న్యూటన్ల అదుము కావాలి. ఇప్పుడు ఇంజిన్‌కు పనిచేయించి టార్క్‌ను 400 ఫుట్-పౌండ్లకు పెంచారు. అదే ప్లేట్‌తో అయితే అదుము సుమారు 8,370 న్యూటన్లకు పెరగాలి. ఆ భారమంతా మీ ఎడమ కాలు మీద, కేబుల్ మీద, ఫైర్‌వాల్ మీద పడుతుంది. అదుము పెంచకుండా 0.4 గుణకం ఉన్న ప్లేట్ వేస్తే పాత 6,280 దగ్గరే పని జరిగిపోతుంది. నిజమైన క్లచ్‌లో దీనిపైన కొంత అదనపు బలం ఉంచుతారు. పోలిక మాత్రం మారదు.

అందుకే కేబుల్ కారుకు నా సలహా: టార్క్ పెరిగితే ముందు మెరుగైన రాపిడి పదార్థం చూడండి, అదుము ఆ తర్వాత. అయితే రాపిడి ఎక్కువున్న సిరామిక్ ముక్కల ప్లేట్లు పట్టేటప్పుడు కుదుపు ఇస్తాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు అవి వద్దు. కొద్దిగా మార్పులు చేసిన 5.0కు మంచి ఆర్గానిక్ ప్లేట్‌తో వచ్చే కిట్ చాలు. ఫోర్డ్ సొంత పర్ఫార్మెన్స్ విభాగం అమ్మిన కింగ్ కోబ్రా కిట్ ఈ కార్లలో బాగా వాడుకలో ఉన్నది.

కొనాల్సిన జాబితా: అల్యూమినియం క్వాడ్రంట్, ఫైర్‌వాల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు సర్దే మర), ఫ్యాక్టరీ రకం కొత్త కేబుల్, క్లచ్ కిట్, పైలట్ బేరింగ్ (గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోసే చిన్న బేరింగ్), ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) బోల్టులు, అవసరమైతే ఫోర్క్, పివట్ స్టడ్. స్టీడా, మాక్సిమమ్ మోటర్‌స్పోర్ట్స్ లాంటి సంస్థలు క్వాడ్రంట్, అడ్జస్టర్ కలిపి అమ్ముతాయి. కలిపే కొనండి. ప్లాస్టిక్ క్వాడ్రంట్‌ను ఉంచి అడ్జస్టర్ ఒక్కటే వేస్తే, మీరు తిప్పినదంతా ఆ క్వాడ్రంట్ తనే సర్దేసుకుంటుంది. కదలని అల్యూమినియం క్వాడ్రంట్ వేసి అడ్జస్టర్ మానేస్తే బిగువు సర్దడానికి దారే ఉండదు. పొడవు మార్చుకునే కేబుళ్లు కూడా దొరుకుతాయి కానీ, నా ఓటు ఫ్యాక్టరీ రకం కేబుల్‌కే. దాని తీగ, తొడుగు ఎక్కువకాలం మెత్తగా నడుస్తాయి.

క్వాడ్రంట్, అడ్జస్టర్ బిగించడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కారు ముందుభాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టండి, వెనక చక్రాలకు అడ్డాలు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద పడుకోవద్దు.

బెల్ హౌసింగ్ పక్కన ఫోర్క్‌ను కప్పే మూత తీయండి. కేబుల్ బిగువు వదలాలి కాబట్టి లోపల పెడల్‌ను పైకి లాగి పట్టుకుని, క్వాడ్రంట్‌ను ముందుకు నెట్టి తీగ కొస విప్పండి. కింద ఫోర్క్ దగ్గరి కొసనూ, కేబుల్‌ను బెల్ హౌసింగ్‌కు పట్టి ఉంచే క్లిప్పునూ తీస్తే కేబుల్ బయటికి వస్తుంది.

డ్రైవర్ మోకాళ్ల దగ్గరి ప్యానెల్ ఊడదీసి, సీటు పూర్తిగా వెనక్కి నెట్టి వెల్లకిలా పడుకోవాలి. మెడ పట్టేసే పని ఇది, తొందరపడకండి. క్వాడ్రంట్ పెడల్ షాఫ్ట్ కొస మీద ఒక క్లిప్పుతో ఉంటుంది. క్లిప్పు తీసి, పంటి మీట ఎత్తిపట్టి పక్కకు లాగితే ఊడివస్తుంది. షాఫ్ట్ మీద పాత ప్లాస్టిక్ పొడి, గట్టిపడ్డ గ్రీజు తుడిచేయండి. అక్కడి బుషింగులు వదులైతే ఇప్పుడే మార్చండి. మళ్లీ ఈ పొజిషన్‌లో పడుకోవాలని ఎవరికీ ఉండదు.

కొత్త క్వాడ్రంట్‌కు రెండు మూడు కొక్కేలు ఉంటే, ఇరుసుకు దూరంగా ఉన్నది ఎక్కువ కేబుల్ లాగుతుంది, పెడల్ బరువూ పెంచుతుంది. ఫ్యాక్టరీ వ్యాసార్ధానికి దగ్గరగా ఉన్న కొక్కెంతో మొదలుపెట్టండి.

అడ్జస్టర్‌ను ఇంజిన్ వైపు నుంచి ఫైర్‌వాల్ రంధ్రంలో కూర్చోబెట్టి, దాంట్లోంచి కేబుల్ దూర్చాలి. ఇది పనిచేసే తీరు సైకిల్ బ్రేకు దగ్గర ఉండే చిన్న మర లాంటిది: బయటికి తిప్పితే కేబుల్ తొడుగును ముందుకు నెడుతుంది, లోపలి తీగ బిగుస్తుంది. లోపలికి తిప్పితే వదులవుతుంది. మొదట పూర్తిగా లోపలికి తిప్పి ఉంచండి.

కేబుల్ దారి పాతదే ఉండాలి. టైట్ వంపులు వద్దు, హెడర్‌కు తగలకూడదు, ప్లాస్టిక్ టైలతో బిగించి కట్టకూడదు. ఇంజిన్ కదిలినప్పుడు కేబుల్ కూడా కొంచెం కదలాలి. లాంగ్ ట్యూబ్ హెడర్లు ఉన్న కారైతే వేడి తట్టుకునే తొడుగు వేయండి. లోపలి గొట్టంలోకి నూనె, గ్రీజు పోయకండి. దుమ్ము చేరి బురదలా తయారవుతుంది.

క్లచ్ జారడం లేదనుకుంటే ఇక్కడితో ఆగి, నేరుగా అడ్జస్ట్‌మెంట్‌కు వెళ్లండి. చాలా కార్లకు ఇంతే చాలు.

గేర్‌బాక్స్ దింపి క్లచ్ మార్చడం

క్రమం ఇది: లోపల గేర్ లివర్ తీయాలి. కింద ప్రొపెల్లర్ షాఫ్ట్‌కూ డిఫరెన్షియల్ ఫ్లాంజ్‌కూ పెయింట్‌తో గుర్తు పెట్టి షాఫ్ట్ విప్పాలి. గేర్‌బాక్స్ తోక నుంచి నూనె కారుతుంది, ప్లగ్ పెట్టండి. ఎగ్జాస్ట్ హెచ్-పైపు, స్పీడోమీటర్ కేబుల్, వైర్ల కనెక్టర్లు, స్టార్టర్, క్రాస్‌మెంబర్ తీసి, గేర్‌బాక్స్‌ను జాకీ మీద పెట్టి నేరుగా వెనక్కి లాగాలి. టీ-5 బరువు సుమారు 34 కిలోలు. బరువు క్లచ్ ప్లేట్ మీద వేలాడకూడదు, ప్లేట్ మధ్యభాగం వంగిపోతుంది.

బెల్ హౌసింగ్ తీశాక కనిపించే నల్ల పొడిని గాలి కొట్టి ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. మాస్కు పెట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

ఫ్లైవీల్ కొత్తది కొంటే బ్యాలెన్స్ చూసి కొనండి. 1982 నుంచి వచ్చిన 5.0 ఇంజిన్లకు 50 ఔన్సుల అసమతుల్యత (కావాలనే ఒక పక్క ఉంచిన అదనపు బరువు) ఉన్న ఫ్లైవీల్ కావాలి. అంతకు ముందువాటికి 28 ఔన్సులది. తప్పుది వేస్తే ఇంజిన్ కాళ్ల కింద వణుకుతుంది. 4.6 ఇంజిన్లకు అసమతుల్యతే ఉండదు, కాకపోతే క్రాంక్ ఆరు బోల్టులదా ఎనిమిది బోల్టులదా అని చూసుకోవాలి. పాత ఫ్లైవీల్ వాడాలనుకుంటే మెషిన్ షాపులో ముఖం తీయించండి. నీలి మచ్చలు, సన్నటి పగుళ్లు లోతుగా ఉంటే పక్కన పడేయండి.

వెనక మెయిన్ సీల్ దగ్గర నూనె తడి కనిపిస్తే ఇప్పుడే మార్చాలి. నూనె పడ్డ క్లచ్ ప్లేట్‌ను ఏ అడ్జస్ట్‌మెంటూ కాపాడదు.

కొత్త పైలట్ బేరింగ్ కొట్టాక, ఫ్లైవీల్ బోల్టులకు మరల దగ్గర సీలెంట్ రాసి, ఎదురెదురు క్రమంలో 75–85 ఫుట్-పౌండ్లకు బిగించండి. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్ ముఖాలు క్లీనర్‌తో తుడవండి. కొత్తవాటి మీద తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది. ప్లేట్‌లో 'ఫ్లైవీల్ సైడ్' అని రాసిన వైపు ఫ్లైవీల్‌కు ఉండాలి. అలైన్‌మెంట్ టూల్ దూర్చి, ప్రెషర్ ప్లేట్ బోల్టులను ఒక్కొక్కటి రెండు చుట్ల చొప్పున ఎదురెదురుగా దింపుకుంటూ వచ్చి, చివరికి 12–24 ఫుట్-పౌండ్లకు బిగించాలి. ఒక పక్కనే ముందు బిగించేస్తే కవర్ వంగుతుంది, తర్వాత క్లచ్ ఒక వైపే విడుస్తుంది. కిట్ తయారీదారు వేరే అంకె ఇస్తే అదే పాటించండి.

ఫ్లైవీల్ ముఖం తీయిస్తే ప్రెషర్ ప్లేట్ ఆ మేరకు ఇంజిన్ వైపు జరుగుతుంది, బేరింగ్‌కు దూరమవుతుంది. ఫోర్క్ కూడా ముందుకు వాలి నిలబడుతుంది, కేబుల్ లాగడానికి మిగిలే చోటు తగ్గుతుంది. కొద్దిపాటి తేడా అయితే అడ్జస్టర్ సర్దుతుంది. ఎక్కువైతే పొడవు సర్దుకునే పివట్ స్టడ్ వేయండి. పాత స్టడ్ తల చదునుగా అరిగి ఉంటే ఎలాగూ మార్చాల్సిందే.

స్టడ్ తల మీద, ఫోర్క్ బేరింగ్‌ను తాకే చోట, బేరింగ్ లోపలి గాడిలో పలచగా గ్రీజు రాయండి. ఇన్‌పుట్ షాఫ్ట్ గాడులకు గోటితో రాసినంత చాలు. ఎక్కువైతే విసిరి ప్లేట్ మీద పడుతుంది. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు చేత్తో నెడితే చివరి దాకా వెళ్లాలి. వెళ్లకపోతే బోల్టులతో లాగి బిగించొద్దు. అవుట్‌పుట్ షాఫ్ట్ కొంచెం తిప్పి, కోణం సరిచూసి మళ్లీ నెట్టండి. అన్నీ బిగించాక గేర్ ఆయిల్ మట్టం చూడండి.

అడ్జస్ట్‌మెంట్

ఇది ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి, వేడెక్కాక ముగించే పని.

1. కేబుల్ రెండు కొసలూ తగిలించాక పెడల్‌ను పూర్తిగా పదిసార్లు నొక్కి వదలండి. తొడుగు, క్వాడ్రంట్ తమ చోట్లలో కూర్చుంటాయి.

2. అడ్జస్టర్‌ను మెల్లగా బయటికి తిప్పుతూ, పెడల్‌ను ఒక వేలితో నొక్కి చూస్తూ ఉండండి. మొదట్లో పెడల్ ఊరికే కదులుతుంది, తర్వాత బరువు తగులుతుంది. ఆ ఊరికే కదిలే దూరమే ఫ్రీ ప్లే.

3. ఎంత ఉంచాలనేది క్లచ్ తయారీదారు కాగితంలో ఉంటుంది. ఫోర్డ్ అసలు ఏర్పాటులో బేరింగ్ వేళ్లను ఎప్పుడూ తేలిగ్గా తాకుతూ తిరుగుతుంది. ఇతర కిట్ల వాళ్లు చాలామంది కొంచెం ఖాళీ అడుగుతారు. కాగితం లేకపోతే పెడల్ దగ్గర అర అంగుళం లోపు తేలికైన కదలికతో మొదలుపెట్టండి.

4. వెనక చక్రాలు లేపి స్టాండ్ల మీద పెట్టి, ఇంజిన్ ఆపి ఉంచి, గేరులో వేసి, హ్యాండ్‌బ్రేక్ వదలండి. ఒకరు పెడల్ మెల్లగా నొక్కుతుంటే మీరు ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పడానికి ప్రయత్నిస్తూ ఉండండి. షాఫ్ట్ స్వేచ్ఛగా తిరగడం మొదలయ్యే చోట పెడల్ నేలకు ఇంకా ఒక అంగుళమో రెండో పైన ఉండాలి. నేలకు తాకితే గానీ విడవకపోతే అడ్జస్టర్ అర చుట్టు బయటికి తిప్పి మళ్లీ చూడండి. పెడల్ సగం కూడా దిగకుండానే విడిచేస్తే కేబుల్ మరీ బిగుతుగా ఉన్నట్టు.

5. కారు దింపి, అరగంట నడిపి, వేడి మీద రివర్స్ పరీక్ష మళ్లీ చేయండి. లాక్ నట్టు ఉంటే అప్పుడు బిగించండి.

పెడల్ తేలిగ్గా ఉండాలని వదులు చేయకండి, పట్టు పైన దొరకాలని బిగించకండి. వదులైతే గేర్‌బాక్స్‌లో గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రోనైజర్ రింగులు అరుగుతాయి. బిగువైతే బేరింగ్ ఎప్పుడూ భారం మీద తిరుగుతుంది, ప్లేట్ జారుతుంది. పైగా పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు వేళ్లు హద్దు దాటి లోపలికి పోయి ప్రెషర్ ప్లేటే పాడవుతుంది. షాఫ్ట్ విడిచాక కూడా పెడల్ చాలా దూరం వెళ్తోందంటే కింద ఒక స్టాపర్ పెట్టించండి. అప్పుడు స్టార్టర్‌ను అనుమతించే క్లచ్ స్విచ్ ఇంకా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి.

తొలి 500 మైళ్లు

చాలామంది తయారీదారులు కొత్త క్లచ్‌కు 500 మైళ్ల సిటీ డ్రైవింగ్ అడుగుతారు. హైవే మైళ్లు లెక్కలోకి రావు, ఎందుకంటే ప్లేట్ ఒరుసుకుని ముఖం కూర్చునేది పట్టి వదిలేటప్పుడే. ఈలోగా రేసు స్టార్టులు, చుట్లు పెంచి ఒక్కసారిగా క్లచ్ వదలడం వద్దు.

ఆ తర్వాత మళ్లీ అడ్జస్ట్‌మెంట్ చూడాలి. ఇక్కడ రెండు ఎదురు మార్పులు జరుగుతాయి. కొత్త కేబుల్ కొంచెం సాగుతుంది, దాంతో ఫ్రీ ప్లే పెరుగుతుంది. ప్లేట్ అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేట్ వేళ్లు బేరింగ్ వైపు వస్తాయి, దాంతో ఫ్రీ ప్లే తగ్గుతుంది. మొదటి వారాల్లో సాగడమే ఎక్కువ కాబట్టి బిగించాల్సి రావచ్చు. తర్వాత ఏళ్లలో వదులు చేస్తూ పోవాలి. ఆటోమేటిక్ క్వాడ్రంట్ తీసేశారు కాబట్టి ఆ పని ఇక మీదే. ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ పెడల్‌ను వేలితో నొక్కి చూడండి. తేలికైన కదలిక పూర్తిగా మాయమైతే అడ్జస్టర్‌ను పావు చుట్టు లోపలికి తిప్పి మళ్లీ చూడండి.